చేపల తొట్టికి ఎంత మోటరు?

ఏప్రిల్ 6, 2008. వనపర్తి

ఈ డైరీ మోటర్ల కంపెనీ వాళ్లు కొత్త సంవత్సరానికి మా ఆయన షాపుకు ఉచితంగా పంపింది. ప్రతి పేజీ అడుగున "ధార ఆగదు" అని అచ్చు వేశారు. జనవరిలో బడి సంగతులు రాసుకున్నాను. ఫిబ్రవరి, మార్చి ఖాళీ. ఎందుకు ఖాళీయో నాకు తెలుసు కనుక రాయాల్సిన పనిలేదు. కోడేరు దగ్గర ఎవరిదో బోరులోంచి పైపులు లాగుతూ లాగుతూ ఆయన గట్టు మీద కూలబడ్డాడు. జీపులో పడుకోబెట్టి కర్నూలు తీసుకుపోయాం. డాక్టరు "మైల్డ్ అటాక్" అన్నాడు, టీలో చక్కెర కాస్త తక్కువైందన్నట్టు.

ఈ రోజు మళ్లీ చూపించుకొని వచ్చాం. షాపుకు పోవద్దట, బరువులెత్తొద్దట, మధ్యాహ్నం తప్పకుండా పడుకోవాలట. ముప్పై ఏళ్లు మోటర్లు విప్పి బిగించిన మనిషి ఇంట్లో కూర్చుని ఏం చేయాలని అడిగితే, డాక్టరు తన వరండాలోని చేపల తొట్టి చూపించాడు.

"అలాంటిది ఒకటి పెట్టుకోండమ్మా. చేపల్ని చూస్తూ కూర్చుంటే బీపీ దిగుతుంది."

మందుల చీటీ తీసుకొని నేను బయటికి వచ్చేసరికి ఆయన తొట్టి ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. బీపీ దిగుతోందేమో అనుకున్నాను. చూస్తే తొట్టి కింది అల్మారా తలుపు తీసి తల లోపల పెట్టాడు. నర్సు అరుస్తోంది.

"అనసూయా, కింద ఇంకో తొట్టి ఉన్నదే! పైన నిండిన నీళ్లు పైపుల నుంచి కిందికొస్తున్నయి. ఆడ వడబోస్తున్నరు. మల్ల మోటర్ పెట్టి పైకి కొడ్తున్నరు."

రెండు నెలల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను. చేపలు ఎట్లున్నయని అడిగాను.

"చేపలున్నయా?" అన్నాడు.

ఏప్రిల్ 19

గద్వాల నుంచి రజాక్ టెంపోలో తొట్టి తెచ్చాడు. చేపలు, తొట్లు అమ్ముతాడు, మర్యాదస్తుడు. మా శ్రుతి హైదరాబాదు నుంచి ఫోను చేసి "చిన్న గాజు గిన్నె తెచ్చి రెండు చేపలు ఎయ్యమన్న గదనే అమ్మా" అంది. చిన్న గాజు గిన్నె ఐదడుగులుంది. దానికింద ఇంకో తొట్టి. మన ఇళ్లలో నీళ్ల సంపు ఉన్నట్టే చేపలకూ సంపు అని రజాక్ చెప్పాడు. మా వీధికి మంచినీళ్లు నాలుగు రోజులకోసారి వస్తాయి. చేపలకు మాత్రం సొంత సంపు.

"నీళ్లు పైకి కొట్టే మోటర్ నా దగ్గరున్నది అన్నా, నీళ్లల్ల మునిగేది, చిన్నది," అన్నాడు రజాక్.

"భాయ్, మోటర్ సంగతి నాకు ఇడ్సిపెట్టు," అన్నాడు ఈయన. అల్మారాలోంచి గొంతు వచ్చింది, మనిషి కనబడలేదు.

రజాక్ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

ఏప్రిల్ 21

ఫ్యాను తడిసింది.

షాపు ఇప్పుడు మల్లేశ్ చూసుకుంటున్నాడు. ఈయన దగ్గరే పని నేర్చుకొని, ఇక్కడే ముసలివాడయ్యేలా ఉన్నాడు. ఆయన ఫోను చేయగానే అర హార్స్‌పవర్ మోటరు భుజాన వేసుకొని వచ్చాడు.

"అనంతన్నా, గింత తొట్టికి గంత మోటరా?"

"నువ్వు స్విచ్ ఎయ్‌రా."

వేశాడు. నీళ్లు తొట్టిలో పడలేదు. తొట్టి మీదుగా లేచి ఫ్యానుకు తగిలి, గోడ మీది క్యాలెండరును, నన్ను, టీవీ మీది గుడ్డను తడిపి కిందికి దిగాయి. చేపలు ఇంకా రాకపోవడం వాటి అదృష్టం. మల్లేశ్ స్విచ్చు ఆపి, నా ముఖం చూసి, వెంటనే షాపులో పని గుర్తొచ్చి వెళ్లిపోయాడు.

ఈయన తడిసిన చెప్పులతో నిలబడి, "ఇయ్యాల వోల్టేజీ మంచిగున్నది," అన్నాడు.

ఏప్రిల్ 27

అర హార్స్‌పవర్ షాపుకు తిరిగిపోయింది. రజాక్ దగ్గరున్న మోటర్లలో అన్నిటికన్నా పెద్దది వచ్చింది.

"మన దిక్కు ఎప్పుడైనా ఒక సైజు పెద్దదే ఎయ్యాలె. లో వోల్టేజీకి తట్టుకుంటది," అన్నాడు. ఈ మాట పెళ్లయిన కొత్తలో విన్నాను, నిన్న విన్నాను, రేపూ వింటాను. మూడొందల అడుగుల బోరుకైనా, నా నడుము దాకా ఉన్న తొట్టికైనా ఒకటే మాట.

చేపలూ వచ్చాయి. నారింజ రంగువి, నల్లవి. అందులో ఒకదానికి మూతి ముడుచుకొని ఉంటుంది. దానికి చిన్నమ్మ అని పేరు పెట్టాను. ఆయన మేనత్త చిన్నమ్మ మా పెళ్లిలో అరిటాకు చినిగిందని అలిగి ఈ రోజు దాకా ఆ మూతి విప్పలేదు. మోటరు విసురుకు చిన్నమ్మ, మిగతా చేపలూ ఒక మూలకు కొట్టుకుపోయి, అక్కడే ఎదురీదుతున్నాయి. ఈయన మంచం మీద కూర్చుని వాటిని చూస్తున్నాడు. అవి ఈయన్ను చూస్తున్నాయి. ఎవరికీ బీపీ దిగుతున్నట్టు లేదు.

చప్పుడు గురించి చెప్పాలి. హాల్లో పిండి గిర్ని పెట్టినట్టుంది. ఈయనకు అది చప్పుడులా వినబడదు. స్క్రూడ్రైవర్ మొన తొట్టి అంచుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకున్నాడు. ఎక్కడ ఏ మోటరు తెచ్చినా ఇలాగే వింటాడు.

"బేరింగ్ మంచిగున్నది," అన్నాడు.

మధ్యాహ్నం నిద్ర కూడా అక్కడే, తొట్టి పక్కన మంచం మీద. బడికి సెలవులు కనుక నేనూ ఇంట్లోనే. నాకు తలనొప్పి.

ఏప్రిల్ 30

తలనొప్పి.

మే 3

మధ్యాహ్నం ఆయన పడుకున్నాక వంట మొదలుపెట్టి, హాల్లోకి వెళ్లొచ్చాను. ఎండ ఎంత దూరం వచ్చిందో చూడ్డానికి. పప్పు పొయ్యి మీద పెట్టి మళ్లీ వెళ్లాను. పేపర్ కోసం. ఉల్లిగడ్డ సగం కోసి మళ్లీ వెళ్లాను.

ఒక కన్ను తెరిచి, "ఏందే?" అన్నాడు.

"పేపర్."

"నీ చేతుల ఉన్నది గదా."

చూస్తే ఉంది. ఆ మోటరు గోలలో మనిషికి బుర్ర పనిచేస్తుందా? చప్పుడు తక్కువున్న మోటరు తెండ్రి, నాకు తలనొప్పి వస్తున్నదని చెప్పాను. సాయంత్రం మల్లేశ్‌తో తలనొప్పి మాత్రలు తెప్పించాడు. నా మీద ఆయనకున్న శ్రద్ధ చూసి మల్లేశ్ చాలా మెచ్చుకున్నాడు.

మే 7

మోటరు పైకి కొట్టినంత నీరు పై తొట్టిలోంచి కిందికి దిగడం లేదు. దిగే పైపు సన్నంది. అందుకని కొంచెం కొంచెంగా పైన అంచు దాటి హాల్లోకి వస్తోంది. కింది సంపు ఖాళీ అయిపోయి మోటరు గాలి పీలుస్తూ గురగురమంటోంది. ఈయన బకెట్టుతో సంపు నింపమన్నాడు. నింపాను. పైన నిండి మళ్లీ హాల్లోకి వచ్చింది. మళ్లీ నింపమన్నాడు.

రైతులు పొలాల్లో పెట్టే ఆటో స్టార్టర్ కూడా బిగించాడు. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు మోటరు దానంతటదే మొదలవుతుంది. ఇంటి మీద నమ్మకం పోయినా కరెంటు మీద పోకూడదు.

మే 9

మాత్ర ఆయన నాలుక కింద పెట్టాను. తగ్గింది.

ఇంకేమీ రాయను.

మే 11

రాస్తాను. రాయకపోతే రాత్రికి నాకు అదే కనబడుతుంది.

మొన్న మధ్యాహ్నం నేను మేడ మీద వడియాలు తీస్తున్నాను. కరెంటు పోయింది. మోటరు ఆగగానే పై తొట్టిలో మునిగి ఉన్న పైపు, ఎక్కించిన నీళ్లన్నిటినీ వెనక్కి లాగింది. సంపు నిండి పొర్లింది. హాలంతా మడుగు. నన్ను పిలిచి ఉండొచ్చు. పిలవలేదు. మనిషి వంగి, బకెట్టు నింపి, లేపి, పెరట్లోకి మోసి పారబోసి, మళ్లీ వచ్చి వంగాడు. నేను దిగేసరికి గోడకు ఆనుకొని నీళ్లలో కూర్చున్నాడు. చొక్కా తడిసింది. అది తొట్టి నీళ్లు కాదు, చెమట.

"ఏం గాలే. జర దమ్ము వచ్చింది, గంతే," అన్నాడు.

నాకు భయమేసింది.

రాత్రికి శ్రుతి వచ్చింది. తొట్టి తీసేద్దామంది, రజాక్ అంకుల్‌కు వాపసు ఇచ్చేద్దామంది. నేనూ అదే అన్నాను, ఇంకొంచెం గట్టిగా. ఆయన తొట్టి వైపు తిరిగి, "నాకు షాపు బంద్ చేసిండ్రు. ఇది గూడ తీసేస్తే ఇగ గోడను సూసుకుంట కూసుంట తియ్యి," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే తొట్టి ఆ పూటే గద్వాల పోయేది.

శ్రుతి వెళ్లిపోయింది. తొట్టి ఉంది. కరెంటు లేదు.

మే 15

ఫుట్‌వాల్వు తెచ్చి పైపుకు బిగించారు. బావుల్లో పైపు కొసకు పెడతారే, నీళ్లు వెనక్కి జారకుండా, అలాంటిదే చిన్నది. ఇక చుక్క కిందికి రాదన్నాడు. పొద్దున కరెంటు పోయింది, నీళ్లు రాలేదు. మెచ్చుకుందామనుకొని నోరు తెరిచేలోపు మధ్యాహ్నం మళ్లీ పోయింది, నీళ్లు వచ్చాయి. వాల్వులో నత్త ఇరుక్కుందట. ముప్పై ఏళ్ల అనుభవం ఒక పక్క, గోరంత నత్త ఒక పక్క.

ఈసారి నీళ్లు నేనే ఎత్తాను. ఆయన్ను మంచం మీదనుంచి దిగనివ్వలేదు. పైనుంచి సూచనలు ఇచ్చాడు.

ఇంకో సంగతి. ఈ పెద్ద మోటరు నీళ్లలోనే మునిగి నీళ్లనే వేడి చేస్తోంది. బయట మే నెల, లోపల మోటరు. చిన్నమ్మ పైకొచ్చి నోరు తెరిచి మూస్తోంది. మూతి విప్పడం ఇదే మొదటిసారి. నాకు సంతోషం కలగలేదు.

తలనొప్పి.

మే 20

కోడేరు నుంచి మల్లన్న అనే రైతు వచ్చాడు. కొత్తగా బోరు వేశాడు. షాపుకు పోతే మల్లేశ్ ఒకటి చెప్పాడట, అయినా అనంతయ్య నోట వింటేగాని నమ్మనని ఇంటికి వచ్చాడు. ఆయన మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. అంత నిటారుగా కూర్చోవడం చూసి చాలా రోజులైంది. నేను టీ పెట్టడానికి వెళ్లాను. ఎందుకో చక్కెర కూడా సరిగ్గా వేశాను.

"అన్నా, పెద్ద మోటర్ దించుదామనుకుంటున్న. పక్క చేను పాపయ్యది ఐదు హార్స్‌పవర్. నాది ఏడున్నర ఉండాలె."

"పాపయ్య సంగతి నాకెందుకు? నీ బోరుల ఊట ఎంతున్నది?"

"ఊట జర తక్కువనే. అందుకే పెద్ద మోటర్ అంటున్న. గట్టిగ గుంజుతది గదా."

"ఏం గుంజుతది? మన్ను గుంజుతది!" ఆయన గొంతు లేచింది. "ఊటను సూసి మోటర్ ఎయ్యాలె మల్లన్నా. వచ్చే నీళ్లు ఎన్నో, పోయే నీళ్లు గన్నే. నువ్వు పెద్దది ఏస్తే ఏమైతది? బోరు ఉత్తగైతది, మోటర్ గాలి పీల్చి..."

సరిగ్గా అప్పుడు సంపు ఖాళీ అయి మా మోటరు గురగురమంది.

నేను టీ పళ్లెంతో గడపలో నిలబడ్డాను. మల్లన్న మా ఇద్దరినీ చూసి, అల్మారా వైపు చూశాడు.

"ఏందన్నా గా సప్పుడు?"

"ఊట తక్కువున్న బోరు," అన్నాను నేను.

మల్లన్న ఐదు హార్స్‌పవర్‌కు ఒప్పుకొని వెళ్లాడు. ఈయన టీ తాగలేదు. అల్మారా తలుపు తెరుచుకొని, సన్నటి పైపులోంచి కిందికి దిగే నీళ్లను చూస్తూ కూర్చున్నాడు. నేను ఒక్క మాట కూడా అనలేదు. ఎంత కష్టపడ్డానో ఈ డైరీకి మాత్రమే చెప్పగలను.

మే 24

గద్వాల పోయొచ్చాం. ఇద్దరమే, బస్సులో. కిటికీ పక్క సీటు ఆయనకు ఇచ్చాను. బీచుపల్లి దగ్గర కృష్ణలో నీళ్లకన్నా బండలు ఎక్కువున్నాయి. ఈ నదికి మోటరు పెట్టాలంటే ఏ సైజు పెడతారని అడిగాను. నవ్వలేదు గాని, నవ్వబోయాడు.

రజాక్ మోటర్లన్నీ బల్లమీద పరిచాడు. పెళ్లిచూపులు మొదలయ్యాయి.

"భాయ్, డబ్బా మీద గంటకు ఇన్ని లీటర్లు అని రాసిండ్రు. గది నీళ్లు పైకి ఎక్కకుండ, ఉత్తగ కొట్టేటప్పటి లెక్క గదా. నా తొట్టి ఎత్తుకు ఎంతిస్తది?"

"గది ఇప్పటిదాక ఎవలడగలే అన్నా. అందరు పెద్దదేది అనే అడుగుతరు. మీరు గూడ."

ఈయన ఆ చివరి మాట విననట్టు నటించాడు. డబ్బాలోని కాగితం విప్పితే ఎత్తు పెరిగేకొద్దీ ధార తగ్గే గీత ఒకటి ఉంది. బోరు మోటర్ల కాగితాల్లో అలాంటి గీతలు చదివి చదివి అరిగిన కళ్లు అవి. కిందికి దిగే సన్నటి పైపు దించగలిగే నీళ్లకన్నా కొంచెం తక్కువ ఇచ్చే మోటరు ఏదో వేలు పెట్టి చూపించాడు. బల్లమీద ఉన్నవాటిలో అది చిన్నది. అరచేతిలో పట్టింది. దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిది మోటరా, పోరగాండ్లు ఆడే గోటీనా," అన్నాడు.

"సప్పుడు ఉంటదా?" అని నేను అడిగాను.

"అస్సలుండది టీచరమ్మా. నడుస్తున్నదా ఆగిందా తెల్వదు. నీళ్లు గూడ ఏడెక్కయి."

"నీ తలనొప్పికి మందు దొరికింది పో," అన్నాడు ఈయన.

బస్సులో ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఎర్రవల్లి దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే, "ఒక సైజు చిన్నది. డాక్టర్ గూడ నాకు గదే చెప్పిండు," అన్నాడు.

ఏదో ఒకటి అనాలి. ఎప్పుడూ అంటాను. ఈసారి డబ్బా మీదున్న ఆయన చేతి మీద చెయ్యి వేశాను. కండక్టర్ చూశాడు. చూడనీ.

మే 26

చిన్న మోటరు బిగించారు. మల్లేశ్ చేశాడు, ఈయన చెప్పాడు. ఫుట్‌వాల్వు తీసి పారేశారు. దాని బదులు పైకి వచ్చే పైపుకు, నీళ్ల అంచుకు కొంచెం కింద, చిన్న కంత పెట్టారు. కరెంటు పోతే నీళ్లు కాస్త దిగగానే ఆ కంత బయటపడి గాలి లోపలికి పోతుందట, ఇక వెనక్కి గుంజదట. ఆ దిగే నీళ్లకు సంపులో చోటు వదిలారు.

ఆయన స్విచ్చు ఆపించాడు. ముగ్గురం సంపు ముందు నేలమీద కూర్చున్నాం. నీళ్లు పైకొచ్చాయి, ఇంకా వచ్చాయి, అంచుకు కిందే ఆగాయి. మల్లేశ్ చప్పట్లు కొట్టాడు. నా చేతిలో అప్పటికే గుడ్డ సిద్ధంగా ఉంది, దాన్ని వెనక దాచుకున్నాను. మళ్లీ స్విచ్చు వేస్తే నీళ్లు మెల్లగా తిరుగుతున్నాయి. చేపలు మూల వదిలి మధ్యకు వచ్చాయి.

మధ్యాహ్నం ఆయన పడుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లాను. మోటరు చప్పుడు లేదు. ఇంతకాలం దీనికోసమే కదా గొడవ. చెవులు రిక్కించాను.

ఏమీ లేదు. మోటరు లేదు. ఆయన గురకా లేదు.

గంటె చేతిలోనే ఉంది, పరిగెత్తాను. ఆయన వెల్లకిలా పడుకొని కళ్లు తెరుచుకొని ఫ్యాను చూస్తున్నాడు.

"నిద్ర పడ్తలేదే. సప్పుడు లేకుంటే మోటర్ కాలిందేమో అనిపిస్తది. పొద్దటి సంది మూడుసార్లు లేచి సూసిన."

"నాక్కూడ గట్లనే అనిపించింది," అన్నాను. అని, మంచం పట్టె మీద కూర్చొని ఏడ్చాను. గంటె పట్టుకొని ఏడ్చే ఆడమనిషిని ఆయన ముందెప్పుడూ చూడలేదేమో, లేచి కూర్చున్నాడు.

"ఏమైందే? తలనొప్పా?"

"తలనొప్పి లేదు, ఏం లేదు. ఎన్నడు లేకుండె. గా పెద్ద మోటర్ సప్పుడుల మీ గురక వినబడకపోతుండె. వంటింట్ల పానం నిలవకపోతుండె. మీరు ఉన్నరా లేరా అని సూడనీకి వస్తుంటి. పేపర్ లేదు, గీపర్ లేదు."

ఆయన తొట్టి పక్కనున్న స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. బనీను పైకి జరిపి, దాని మొన తన గుండె మీద పెట్టుకొని, పిడి నా వైపు తిప్పాడు.

"రా. ఇను."

వంగి చెవి ఆనించాను. నా కమ్మ పిడికి తగిలి టకటకమంది, ఇంకేమీ వినబడలేదు. ఎంతసేపు విన్నా అంతే.

"ఏమంటది?"

"బేరింగ్ జర అరిగింది," అన్నాను. "గని ఆడుతున్నది."

"ఆడుతది తియ్యి," అన్నాడు.

జూన్ 8

బడి తెరిచే రోజు దగ్గరకొచ్చింది. మధ్యాహ్నాలు మల్లేశ్ అన్నం తినడానికి ఇక్కడికే వస్తానన్నాడు, నేను అడగకముందే. చిన్నమ్మ మళ్లీ మూతి ముడిచింది, అంటే ఆరోగ్యంగా ఉంది.

ఈయన నిద్రపోతున్నాడు. మోటరు ఉందో లేదో తెలియడం లేదు. గురక మాత్రం వంటింటి దాకా వస్తోంది. ముప్పై ఏళ్లుగా ఇదే గోల. ఎగబీల్చి, మధ్యలో ఆపి, మనిషిని భయపెట్టి, మళ్లీ మొదలుపెడతాడు. ఇంత దరిద్రపు గురక ఈ వనపర్తిలోనే ఉండదు. వింటూ పీట మీద కూర్చుండిపోయాను. వంకాయ కూర అడుగంటి బొగ్గయింది.